మెడ వంచనివాడు

పెనిసిమాని తల వంచితే ఎడమ కన్ను ఉబికి వచ్చేది. నిటారుగా ఉన్నంతసేపూ ఏమీ తెలిసేది కాదు. పైగా ఆ కన్ను రెండోదానికంటే కాస్త లోపలికి పోయినట్టుండేది. వంగినా, బరువెత్తినా, గట్టిగా దగ్గినా వెనకనుంచి ఏదో పొంగుకుంటూ వచ్చి గుడ్డును ముందుకు తోసేది. రెప్ప నేరేడుపండు రంగుకు తిరిగేది. తలెత్తి కాసేపు నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటే అంతా మళ్లీ సర్దుకునేది.

చిన్నప్పుడు బడి ఆవరణలో గోళీలాడుతూ వంగినప్పుడు తోటిపిల్లలు చూసి కేకలు పెడుతూ పారిపోయారు. ఆ రోజు తల్లి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇకమీదట కింద పడ్డది తియ్యాలంటే గొంతుక్కూర్చుని తియ్యమనీ, తల మాత్రం వంచొద్దనీ చెప్పింది. టోంగా దేశపు వవౌ దీవిలో వాళ్లుండే ఊరికి డాక్టరు వచ్చేదే అరుదు. వచ్చినప్పుడు కూడా ఇది చూపించాల్సిన జబ్బని ఎవరికీ తోచలేదు. దాచాల్సినదని మాత్రం తోచింది. తల్లి పోయేనాటికి ఆ దాచడం అతనికి ఒంటికి పట్టేసింది. చేలో పెండలం నాటేటప్పుడు మడమల మీద కూర్చుని, మెడ నిలబెట్టి, చేతులతో తడుముకుంటూ నాటేవాడు. చర్చిలో అందరూ తలలు వంచినప్పుడు తను అరచేతుల్లో ముఖం కప్పుకునేవాడు. చూసినవాళ్లు అబ్బో ఎంత భక్తి అనుకునేవారు.

దాచలేనిది ఒక్కటే, కార్నెట్ అనే బాకా ఊదడం. చర్చి బ్యాండులో అతనంత శుభ్రంగా కార్నెట్ వాయించేవాడు లేడు. ఊపిరి అలాంటిది. కానీ పై స్వరాలకు వెళ్లేకొద్దీ కంటి వెనక ఒత్తిడి పెరిగేది. టోపీ కిందికి లాక్కుని, వెనక వరసలో నిలబడి కొన్నేళ్లు నెట్టుకొచ్చాడు. ఒక ఏడాది చర్చి మహాసభలో, ఊళ్లన్నీ చేరినచోట, ఎదురుగా కూర్చున్న ఆడపిల్లల్లో ఒకతె అతని ముఖం చూసి పక్కపిల్ల భుజంలో తల దాచుకుని నవ్వింది. ఇంటికొచ్చాక ముందు పన్ను కదులుతోందని బ్యాండు మాస్టారికి కబురు పంపాడు. ఆ తర్వాత అతనికి పెద్ద డోలు ఇచ్చారు. డోలు వాయించేవాడు నిటారుగానే నిలబడాలి.

పెళ్లయ్యాక భార్య లెసియేలికి తెలిసిపోయింది. ఆమె భయపడలేదు. మీ మేనత్తకైనా చెప్పుకోమంది. అతను ససేమిరా అన్నాడు. "నువ్వేమన్నా పందిని దొంగిలించావా ఏంటి, అంత సిగ్గుపడ్డానికి?" అని ఆమె ఒకసారి విసుక్కుంది. దొంగిలించి ఉంటే తిరిగి ఇచ్చేసేవాణ్ణి కదా అనుకున్నాడతను. పైకి అనలేదు.

తండ్రి మోలేని పోయినప్పుడు ఆ సిగ్గు అతని చేత చేయరాని పని చేయించింది.

శవాన్ని చాపల మీద, నగిషీ నారబట్టల మధ్య పడుకోబెట్టారు. తల దగ్గర మేనత్త కలోలైనె కూర్చుంది. చనిపోయినవాడికి అక్క కాబట్టి ఆ చోటు ఆమెదే, ఆ ఇంట్లో పైమాటా ఆమెదే. సంతాపానికి నడుముకు చిరుగుల చాపలు కట్టుకున్న బంధువులు ఒక్కొక్కరే వచ్చి, మోకాళ్లమీద కూర్చుని, వంగి మోలేని నుదురు ముద్దు పెట్టుకుని వెళ్తున్నారు. కొడుకు వంతు వచ్చింది. ఇల్లంతా పాట పాడుతోంది. పెనిసిమాని మోకాళ్లమీద కూర్చున్నాడు. తండ్రి ముఖం జానెడు దూరంలో ఉంది. ఏడుపుతో అప్పటికే కంటి వెనక బరువెక్కింది. ఇప్పుడు వంగితే ఆ గుడ్డు తండ్రి ముఖం మీదికే ఊడి పడుతుందేమో అనిపించింది. అందరూ చూస్తారు. పాట ఆగిపోతుంది. అతను చెయ్యి చాచి తండ్రి భుజం తాకాడు. నిటారుగా లేచి వెళ్లిపోయాడు.

పాట ఆగలేదు గానీ పల్చబడింది.

"నా తమ్ముడు నీ ముద్దుక్కూడా నోచుకోలేదట్రా," అంది కలోలైనె. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఊరు అతనికి కొబ్బరిమాను అని పేరు పెట్టింది. మగవాళ్లు కావా కషాయం గిన్నె చుట్టూ కూర్చున్నచోట అతను రాగానే ఎవరో ఒకరు, జరగండర్రా, మాను వస్తోంది, అది వంగదు, మనమే తప్పుకోవాలి అనేవారు. అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. గర్విష్ఠి అనుకుంటే అనుకోనీ, నిజం తెలియడం కంటే అదే నయం అని తనకు తనే చెప్పుకునేవాడు. కానీ ఇంటికెళ్లాక లెసియేలి ముఖం చూడలేకపోయేవాడు. అన్నీ తెలిసి ఆమె నోరు మూసుకుంటే ఊరి ఆడవాళ్లు ఆమెను కూడా పొగరుబోతు పెళ్లామనే అంటున్నారు.

కొన్ని నెలలకు కన్ను నొప్పి మొదలైంది. మామూలుగా వచ్చి పోయే బరువు కాదు. లోపల ఎవరో మేకు దిగ్గొట్టి వదిలేసినట్టు, నిలబడ్డా పోని నొప్పి. రెప్ప కాస్త వాచింది. కందిరీగ కుట్టిందన్నాడు. కందిరీగ వాపు వారాలుండదు. కబురు మేనత్తకు చేరింది.

కలోలైనె వచ్చి, కంటిని తాకకుండా ఎడంగా నిలబడి చూసింది. ఆమెకు కారణం ఇట్టే తోచింది. పెనిసిమానికి పెట్టింది పెదనాన్న పేరు. మోలేనికి అన్న, ఆమెకు తమ్ముడు. అతని సమాధి పక్కనున్న దేవగన్నేరు బాగా పెరిగింది. దాని వేరు కిందికి దిగి పుర్రె కంట్లోంచి పొడుచుకుని ఉంటుంది. పేరుగలవాడి కంట్లో వేరు దిగితే పేరు పెట్టుకున్నవాడి కన్ను నొప్పెడుతుంది. ఆ వేరు తీసేసి, ఎముకలకు నూనె రాసి, మళ్లీ పడుకోబెట్టాలి. ఆ ఊళ్లో ఇలా నడుంనొప్పులూ తలనొప్పులూ పోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

పెనిసిమానికి ఒక్క సంగతి తెలుసు. పెదనాన్న పోయేనాటికి తను బడికి వెళ్తున్నాడు. కన్ను అంతకుముందునుంచే ఇలా ఉంది. ఆ మాట ఒక్కటి చెబితే చాలు, ఎవరూ పార ముట్టుకోరు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే? నోరు మూసుకున్నాడు.

తెల్లవారగానే తవ్వారు. పెదనాన్న కొడుకు ఉవటేసొని తవ్వాడు. ఇసక కింద, చాప పీలికల మధ్య, ఎముకలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. కలోలైనె గొయ్యి ఒడ్డున చాప పరుచుకుని కూర్చుని, తెల్లబట్టలో తమ్ముడి పుర్రెను అందుకుంది. వేళ్లతో కంటిగూళ్లలోంచి ఇసక తుడిచింది. వెతికింది. వేరు లేదు. చెవుల దగ్గరా, దవడ కిందా చూసింది. ఎక్కడా ఒక పీచు కూడా లేదు. ఆమె ఆ పుర్రెను ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడో సముద్రానికి వెళ్లేముందు తమ్ముడికి తల దువ్విన సంగతి ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. చెబుతూ నూనె రాసింది. పెనిసిమానికి అక్కడే ఆ గోతిలో పడి పూడిపోవాలనిపించింది.

"వేరు లేకపోతే పోయినవాడికి నీమీద అలక ఉన్నట్టు. తల వంచి పెదనాన్నని క్షమించమని అడుగు," అంది కలోలైనె.

అతను కదల్లేదు. ఉవటేసొని పార మీద చేతులానించి, ఇక్కడ కూడానా అన్నట్టు చూశాడు. ఆ చూపుకు కాదు, నూనెతో తడిసిన ముసలి వేళ్లకు అతను లొంగిపోయాడు. మోకాళ్లమీద కూర్చుని, మేనత్త ఒడి ముందు నుదురు నేలకు తగిలేదాకా వంగాడు. కంటి వెనక పొంగు మొదలైంది. రెప్ప బిగుసుకుంది. నొప్పికి పళ్లు బిగపట్టాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, తలెత్తకుండా ముఖం మాత్రం ఆమెవైపు తిప్పాడు.

ఉవటేసొని చేతిలోంచి పార జారింది. కలోలైనె అరవలేదు. దగ్గరికి వంగి చూసింది.

"ఎప్పట్నించిరా?"

"పుట్టినప్పట్నించి."

"మోలేని దగ్గర వంగంది ఇందుకేనా?"

అతను అవునన్నాడు. ఆమె ఒళ్లోని తెల్లబట్టను మెల్లగా మడిచింది.

"అయితే నా తమ్ముణ్ణి ఎందుకు లేపించావు నాయనా?"

ఎముకలను ఆమె తనే కొత్త చాపలో చుట్టి, మట్టి కప్పమని చెప్పి, సాయం పట్టబోయిన అతని చేతిని వద్దని, ఉవటేసొని భుజం పట్టుకుని ఇంటికి నడిచింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఊళ్లో కొబ్బరిమాను అనే మాట ఆ రోజుతో ఆగిపోయింది. దానికి కూడా అతనికి సిగ్గేసింది. ఎదురుపడ్డవాళ్లు అతని ముఖం చూడకుండా వాతావరణం గురించి మాట్లాడి వెళ్తున్నారు.

దీవి పట్టణం నెయాఫులో ఆస్పత్రి నర్సు అతన్ని వంచి చూసి, ఇది వేరూ కాదు, అలకా కాదు, నరాల్లో రక్తం గూడుకట్టిందని ఒక్క మాటలో తేల్చేసింది. రాజధానిలో తలకు ఫొటో తీశారు. అక్కణ్ణుంచి న్యూజిలాండులోని ఆక్లండు పంపించారు. విమానం ఎక్కేరోజు కలోలైనె పెట్టె సర్దుకుని విమానాశ్రయానికి వచ్చింది. నా కూతురు అక్కడే ఉంది, చూడ్డానికి వెళ్తున్నాను అంది. అందులో సగమే నిజమని ఇద్దరికీ తెలుసు.

ఆక్లండు డాక్టరు పేరు మెక్రే, పొట్టి జుట్టు ఆవిడ. పక్కన టోంగా నర్సు సాలోమే, గోడవారగా ఇద్దరు విద్యార్థులు. తల మోకాళ్ల మధ్యకు వంచమని డాక్టరు అడిగింది. సాలోమే అదే టోంగా భాషలో చెప్పింది. అతను అర్థం కానట్టు కూర్చున్నాడు. అప్పుడు కలోలైనె కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగి నిలబడింది. అతను ఆ ముసలావిడ వీపు చూశాడు.

"కూర్చో అత్తా. నువ్వు చూసిందేగా," అన్నాడు.

వంగాడు. విద్యార్థులు దగ్గరికొచ్చారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ జడుసుకోలేదు. డాక్టరు ఒక కొలబద్ద పెట్టి గుడ్డు ఎంత ముందుకొచ్చిందో చూసి విద్యార్థులకు చెప్పింది. తర్వాత పెదాలు మూసి గట్టిగా ఊదమంది. అతను కార్నెట్ పట్టే పద్ధతిలో పెదాలు బిగించి ఊదాడు. అలా ఊదడం ఎక్కడ నేర్చుకున్నావని ఆవిడ అడిగితే సాలోమే చెప్పకముందే కలోలైనె చెప్పేసింది, చర్చి బ్యాండులో మావాణ్ణి మించినవాడు లేడని. పన్ను కదిలి మానేశాడు పాపం అని కూడా చెప్పి, మధ్యలో ఆగి, అతనివైపు చూసి తల దించుకుంది. ఆ అబద్ధం ఆమె దగ్గర ఇన్నేళ్లూ అలాగే చెక్కుచెదరకుండా ఉంది.

డాక్టరు తాపీగా వివరించింది. కంటి వెనక సిరలు తల్లి కడుపులో ఉండగానే వంకరగా పెరిగి, గోడలు వదులై, తిత్తిలా తయారయ్యాయి. వంగితే రక్తం అందులోకి దిగుతుంది. ఈమధ్య అందులో కొంత గడ్డకట్టింది, నొప్పి అదే. కత్తితో తీస్తే రక్తం ఆగదు, చూపుకే ముప్పు. అందుకని మత్తిచ్చి, తెరమీద చూసుకుంటూ, రెప్ప పక్కనుంచి సన్నని సూది దించి, తిత్తిలో రక్తం తోడి, మందు ఎక్కిస్తారు. ఆ మందుకు గోడలు ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఒక్కసారితో కాదు, విడతలు విడతలుగా. మొదట్లో వాపు ఇంకా పెరుగుతుంది. ఇలాంటి కళ్లు ఏటా తన దగ్గరికి వస్తూనే ఉంటాయనీ, చిన్నపిల్లలు కూడా వస్తారనీ చెప్పింది.

అది విని అతనికి ధైర్యం రావలసింది. రాలేదు. దీనికో పేరుంది, మందుంది, దీన్ని చూసి జడుసుకోనివాళ్లున్నారు. ఇంత మామూలు దానికోసం తండ్రి నుదురు వదిలేశాడు. పెదనాన్నను నిద్ర లేపించాడు.

ఆ మందు ఊపిరితిత్తుల మీద పనిచేస్తుందేమోనని ముందుగా గొట్టంలో ఊదించి చూశారు. ఆ ఊపిరికి ముల్లు చివరంటా పోతే ఊదించినవాడు ఈలవేశాడు. కలోలైనె ఆ రోజంతా మనవరాళ్లకు అదే చెప్పింది.

సూది వేసిన సాయంత్రం సాలోమే జాగ్రత్తలు చెప్పింది. ఒంటిమీద ఎక్కడా గోకకూడదు, రుద్దకూడదు, గుండె పరీక్షకు ఛాతీకి అంటించిన బిళ్లలు లాగకూడదు, వాటంతట అవే ఊడాలి. ఈ మందు ఒంట్లో ఉండగా చర్మం రాపిడికి గురైతే అక్కడ నల్లటి చారలు పడతాయి. కలోలైనె అన్నిటికీ తలూపింది. ఆమె విన్నది కన్ను గురించి మాత్రమే.

మర్నాటికి సగం ముఖం ఉడికిన పనసలా అయింది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవలసి రావడంతో మెడ పట్టేసింది. అతను మూలిగితే కలోలైనె కొబ్బరినూనె వెచ్చబెట్టుకుని వచ్చింది. ఆమె చెయ్యి మంచిదని వవౌ అంతా పేరు. వేళ్లు దించి, చెవి వెనకనుంచి భుజందాకా గట్టిగా మర్దనా చేసింది. హాయిగా ఉందా అంది. చాలా హాయిగా ఉంది. తండ్రి పోయాక ఆమె అతన్ని తాకడం అదే మొదటిసారి. సాలోమే మాటలు అతనికి గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా ఆపమనలేకపోయాడు.

రెండు మూడు రోజులకు మెడంతా దురద. తర్వాత గోధుమరంగు చారలు తేలాయి. ముదిరి నల్లబడ్డాయి. నాలుగు వేళ్లూ ఎక్కడ మొదలై ఎక్కడికి జారాయో ముద్రేసినట్టు కనపడేది. డాక్టరు చూసి, కంటికేం నష్టం లేదు, ఇవి కొన్నాళ్లకు తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు అంది. సాలోమే, నేను చెప్పాను కదమ్మా, అంది. ఆమె కోపంగా కూడా అనలేదు. కలోలైనె తన చేతుల్ని నడుం చాప కిందికి దోపుకుంది. ఆ తర్వాత వంట చేసింది, బట్టలుతికింది, ప్రతి విడతకూ వెంట వచ్చింది, అతన్ని మాత్రం మళ్లీ తాకలేదు.

మూడో విడత అయ్యాక కన్ను మాట వింది. కొన్ని వారాలు మనుషులు ఇద్దరిద్దరుగా కనిపించారు, అదీ సర్దుకుంది. వంగితే రెప్ప కాస్త బరువెక్కినట్టుండేది, అంతే. పూర్తిగా పోలేదనీ, మళ్లీ నొప్పి వస్తే రమ్మనీ డాక్టరు చెప్పింది.

ఊరికి తిరిగొచ్చాక మొదటి ఆదివారం చర్చి బయట జనం అతని చుట్టూ మూగారు. వంగమన్నారు, వంగాడు. ఏదీ, ఇంకోసారి అన్నారు. ఆడవాళ్లు లెసియేలిని కౌగలించుకున్నారు. ఉవటేసొని అతని కాలరు పక్కకు లాగి, "ఇదేంట్రా, ఆక్లండులో ఎవరన్నా కొరడాతో కొట్టారా?" అన్నాడు.

"మా అత్త ప్రేమ. సూది పనిచేసిందో లేదో తెలీదు గానీ ఆవిడ చెయ్యి మాత్రం పనిచేసింది," అన్నాడు పెనిసిమాని.

అందరూ పగలబడి నవ్వారు. ఇన్నేళ్లలో తన మాటకు ఊరు అలా నవ్వడం అదే మొదలు. ఆ హుషారులో అతనూ నవ్వుతూ తల తిప్పాడు. కలోలైనె మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, సరిగ్గానే ఉన్న నడుం చాపను మళ్లీ సర్దుకుంటోంది. సర్దుతూనే రెండు చేతులూ అందులోకి దోపుకుంది. ఆ సర్దుకోవడం అతనికి బాగా తెలుసు. నోట్లో నవ్వు అలాగే ఉండిపోయింది, మింగలేక, ఆపలేక.

భోజనాలకు కలోలైనె ఇంటికి వెళ్లే దారిలో లెసియేలి అతనికంటే నాలుగడుగులు ముందు నడిచింది. గుమ్మం ముందు అతను ఆగి, చొక్కా గుండీలన్నీ గొంతుదాకా పెట్టుకున్నాడు. మంచి ఎండ. లోపల మట్టిపొయ్యిలోంచి తీసిన చేమాకు పొట్లాలు పొగలు కక్కుతున్నాయి. కలోలైనె అతన్ని చూసింది, గుండీలను చూసింది.

"ఉక్కపోయడం లేదూ?" అంది.

"లేదత్తా."

చెమట మెడ వెంట కారుతోంది. ఆమె తల వంచుకుని, పొట్లాల్లో మాంసం ఎక్కువున్నది ఏరి అతని ముందుకు జరిపి, చేతులు మళ్లీ నడుం చాప కిందికి దోపుకుంది. పొద్దున అందరిముందూ అన్న మాట గురించి ఏదైనా చెప్పాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టినా ఆ చారలే మళ్లీ బయటికొచ్చేటట్టున్నాయి. అతను పొట్లం విప్పి తినడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె కూడా చేతులు బయటికి తీసి తింది.